సాలు అన్నాక

సెప్టెంబర్ 14, 2011. బుధవారం

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. దిల్‌సుఖ్‌నగర్‌లో మా కోచింగ్ సెంటర్ షట్టర్ దించేశారు. "మళ్ళీ ఎప్పుడన్నది ఫోన్ చేసి చెప్తాం మేడం" అన్నాడు మేనేజరు. ఎంసెట్ పిల్లలకి బోటనీ చెప్పి చెప్పి నా గొంతు ఎలాగూ అరిగిపోయింది. కాస్త విశ్రాంతి అనుకోవచ్చు. కానీ ఊరికే కూర్చోవడం నా ఒంట్లో లేదు.

వరండాలో టార్పాలిన్ కింద ఉన్న, నేల దున్నే టిల్లర్ని బయటికి లాగాను. తణుకులో నాన్న మెకానిక్ షెడ్డు ఖాళీ చేస్తూ అన్నయ్య దీన్ని పాత ఇనుముకి వేసేస్తానన్నాడు. నాన్న చేతి కింద నడిచిన బండి. ఫోన్లోనే అన్నయ్యని నాలుగు దులిపి లారీ ఎక్కించమన్నాను. చేత్తో పట్టుకుని నడిచే చిన్న టిల్లరే, ఇంటి పెరడుకి సరిపోయేది. ఈ అల్మాస్‌గూడలో ఇంటి పక్కనే మా ఖాళీ ప్లాటు ఉంది. పల్లేరు, గరిక, ఊరందరి ప్లాస్టిక్ కవర్లు. దాన్ని దున్ని ఆకుకూరలు వేస్తానంటే మా ఆయన మూర్తిగారు నవ్వారు.

"కొత్తపేట రైతు బజార్లో దొరకని ఆకుకూర ఏముంది కుసుమా?"

మూర్తిగారికి భూమంటే రిజిస్ట్రేషన్ కాగితం. చెప్పి లాభం లేదు.

స్టార్టర్ తాడు లాగాను. లాగాను. భుజం పట్టేసింది గాని ఇంజను మాత్రం దగ్గనైనా దగ్గలేదు.

సెప్టెంబర్ 16, శుక్రవారం

అంది. ఎట్టకేలకు ఢబఢబా అంది.

ప్లగ్గు మసి కొట్టుకుపోయింది, తుడిచాను. అయినా లేదు. కార్బురేటర్ విప్పితే లోపల పాత పెట్రోలు జిగురై, బెల్లం పాకంలా పట్టేసి ఉంది. నాన్న ఉంటే తిట్టేవాడు. "ముందు పెట్రోలు సంగతి చూడవే, తరువాత ఇంజను విప్పుదువుగాని" అనేవాడు ప్రతిసారీ. కడిగి, సన్నటి తీగతో రంధ్రం పొడిచి, కొత్త పెట్రోలు పోసి, చోక్ లాగి తాడు లాగితే రెండో లాగుడికి అందుకుంది. వీధిలో వాళ్ళు గేట్లు తీసి చూశారు. చూడనీ.

క్లచ్ కూడా చూశాను. ఎడమ చేతి కింది లీవర్ నొక్కి పట్టుకుంటే బ్లేడ్లు తిరుగుతాయి, వదిలేస్తే ఆగుతాయి. టక్కున ఆగాయి. నాన్న వేసిన స్ప్రింగు, ఇంకా కొత్తదానిలా ఉంది.

సెప్టెంబర్ 18, ఆదివారం

అండాలమ్మ వచ్చింది. కర్మన్‌ఘాట్‌లో కిరాయికి ఉంటుంది, నల్గొండ వైపు మనిషి. భర్త బొంబాయి పక్క భీవండిలో మగ్గం మీద ఉంటాడు. ఈ కాలనీలో ఎవరి పెరట్లో గడ్డి పీకాలన్నా ఆమే. నా వయసే ఉంటుంది, నాకంటే నవ్వు ఎక్కువ.

ఆమె ముందు నడుస్తూ రాళ్ళు, కవర్లు ఏరి పారేస్తుంటే నేను వెనక బండి తోలాను. నేను దున్నిన గీత పాములా పోయింది.

"సాలు జూడుండ్రి మేడం. సాలు తప్పుతున్నది."

"చాలు అనాలి అండాలమ్మా, చా. సా కాదు."

"ఏదైతేంది? భూమికి ఇనవడితే సాలు."

ఇద్దరం నవ్వాం. దున్నిన గీతా సాలే, ఇక వద్దు అన్నా సాలే. ఆమెకి రెండూ ఒకటే మాట. ఆ మాటకొస్తే మాకూ ఒకటే, చా తేడా అంతే. పక్కన కూర్చున్న ఆమె కూతురు యాదలక్ష్మి మాత్రం నవ్వలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో డిగ్రీ చదువుతోంది. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో రోడ్డు మీదే వండి తినే వంటా వార్పు నిరసన ఉందని ఎర్ర చున్నీ తలకి చుట్టుకుని మధ్యలోనే వెళ్ళిపోయింది. పోతూ, "మా అమ్మకు కాటికి పోయినంక గూడ సాలే ఒస్తది మేడం, చాలు రాదు" అని ఒక్క చురక వేసి పోయింది. ఎంత పొగరు.

సెప్టెంబర్ 19, సోమవారం

బస్సులు కూడా ఆగిపోయాయి. అన్నయ్య ఫోన్. "ఇల్లూ ప్లాటూ వచ్చిన కాడికి అమ్ముకుని వచ్చేయండి, అక్కడ మిమ్మల్ని ఉండనిస్తారా" అని. ఈయన ఆ మాట పట్టుకుని పొద్దుట్నించీ లెక్కలు. పెళ్ళయిన దగ్గర్నించీ ఈ ఊళ్ళోనే ఉన్నాను, నన్ను ఎవరు పొమ్మంటారు? అన్నయ్య మీద కోపం. ఈయన మీద కోపం. అన్నం సహించలేదు.

సెప్టెంబర్ 20, మంగళవారం

అండాలమ్మ కాలికి బ్లేడు తగిలింది. క్లచ్ పట్టేసింది.

సెప్టెంబర్ 21, బుధవారం

కుడి కాలు. పాదం మీద పొడుగ్గా తెగింది, కుట్లు వేశారు. చిటికెన వేలు తీసేశారు. నరం సంగతి తరువాత తెలుస్తుందన్నారు. నడక మునుపటిలా ఉంటుందా అంటే డాక్టరు నా మొహం చూడలేదు.

ఎలా జరిగిందని అడిగాడు. లీవర్ వదిలాను, అది వెనక్కి రాలేదు అని చెప్పాను. యాదలక్ష్మికీ అదే చెప్పాను. ఈయనకీ అదే. పాత బండి. క్లచ్ పట్టేసింది.

ఆమె వంగి, బ్లేడ్లకి చుట్టుకుంటున్న గోనె తాడు లాగుతోంది. ఏదో అంది. ఇంజను మోత. నేను లీవర్ వదిలాను. వదిలాననే నా నమ్మకం.

ఆపరేషన్‌కి తీసుకెళ్తుంటే అండాలమ్మ నా చెయ్యి పట్టుకుంది. "మేడం, పొయ్యి మీద పప్పు వెట్టొచ్చిన, మా యాదికి చెప్పుండ్రి" అంది. అంతే అంది.

సెప్టెంబర్ 22, గురువారం

క్లచ్ కేబుల్ విప్పాను. తుప్పు లేదు. నూనె పట్టి జారుతోంది. బయటికి బాగున్నట్టు కనిపించినా లోపల తీగ ఎక్కడో పురి విడి ఉంటుంది. ఉండాలి.

సెప్టెంబర్ 23, శుక్రవారం

బెల్టు బాగుంది.

సెప్టెంబర్ 24, శనివారం

బెల్టు మరీ బిగువైతే లీవర్ వదిలినా బ్లేడ్లు తిరుగుతాయి. అందుకే మళ్ళీ చూశాను. బిగువు లేదు. లీవర్ నొక్కాను, వదిలాను. నొక్కాను, వదిలాను. ప్రతిసారీ టక్కున వెనక్కి వచ్చింది. నన్ను వెక్కిరిస్తున్నట్టు.

పాత స్ప్రింగు. ఎప్పుడో ఒక్కసారి పట్టేయదని ఏముంది?

సాయంత్రం యాదలక్ష్మి ఫోన్. రేపు వచ్చి బండి చూస్తానంది. ఆ గొంతు నాకు నచ్చలేదు. "మీ బండి పట్టేసిందంటున్నరు గద, జర మాకు గూడ చూపియ్యండి." బస్తీ పిల్లలు మా గేటు ముందు ధర్నాకి కూర్చుంటామంటున్నారట. ఆంధ్రా మేడం మన మనిషి మీదికి బండి తోలింది అంటున్నారట.

ఈయనకి భయం. నాకూ.

సెప్టెంబర్ 25, ఆదివారం

పొద్దున్నే నాన్న పనిముట్ల డబ్బా తీశాను. అడుగున ఒక పాడైన స్ప్రింగు ఉంది, సాగిపోయి తుప్పు పట్టింది. నాన్న దేన్నీ పారేసేవాడు కాదు. మంచిది తీసి అది తగిలించాను. ఎందుకంటే అసలు జరిగింది అదే కదా. ఆ రోజు పట్టేసింది, ఇవాళ పట్టట్లేదు. పట్టినప్పుడు ఎలా ఉంటుందో చూపించడానికి, అంతే.

యాదలక్ష్మి ఒక్కతే వచ్చింది. స్టార్ట్ చేసి లీవర్ వదిలాను. రాలేదు. బ్లేడ్లు తిరుగుతూనే ఉన్నాయి. ఆమె చాలాసేపు వాటినే చూసింది.

"బంద్ చెయ్యండి" అంది. ఇంజను ఆపాను.

"గిట్ల పట్టేస్తదని ముందుగాల ఎర్క లేదా మేడం?"

"లేదమ్మా."

"మీరే విప్పి సక్కగ చేసిండ్రట గద. అమ్మ జెప్పింది, మా మేడంకు ఇంజన్లన్ని ఎర్కే అని మస్తు గొప్పగ జెప్పింది. ఖరాబైన బండి ముందట మా అమ్మను ఎట్ల నిలవెట్టిండ్రు?"

తరగతిలో ఎంతమంది పిల్లలు అడిగినా నాకు జవాబు ఉండేది. బండి మీద టార్పాలిన్ కప్పేశాను. అబద్ధం ఆడి కూడా తప్పించుకోలేకపోయాను, అదీ నా బతుకు.

సెప్టెంబర్ 27, మంగళవారం

ఈ రోజే బతుకమ్మ మొదలు. కర్మన్‌ఘాట్ వెళ్ళాను. అండాలమ్మని ఇంటికి తీసుకొచ్చేశారు. గోడకి ఆనుకుని కూర్చుని తంగేడు పూలు వలుస్తోంది, కాలు దిండు మీద. రైళ్ళు లేక భర్త ఇంకా రాలేదు. గది నిండా బస్తీ ఆడవాళ్ళు. నన్ను చూడగానే మాటలు ఆగిపోయాయి.

అండాలమ్మే అందుకుంది. అందరికీ వినపడేలా.

"గా బండిది తప్పు కాదు, మేడం తప్పు గాదు. నాదే. నేను సాలు, సాలు అని ఒర్లిన. ఇగ ఆపుండ్రి అని నా మతలబు. మేడమేమో సాలు సక్కగ పోనియ్యమంటున్న అనుకున్నది. మొదటిసంది గదే చెప్తి గద, సాలు జూడుండ్రి, సాలు జూడుండ్రి అని. నా నోరే గసొంటిది."

గదిలో ఎవరో నిట్టూర్చారు. ఒకామె "అయ్యో, మాటెంత పని జేసె" అంది. యాదలక్ష్మి వాళ్ళ అమ్మనే చూస్తోంది.

నేను తల ఊపాను. ఊపానంతే.

సెప్టెంబర్ 28, బుధవారం

అవును, సాలు అంది. రెండుసార్లు అంది. ఇప్పుడు స్పష్టంగా గుర్తొస్తోంది. సాలు అంటే దున్నిన గీత అనుకుని నేను గీత వైపు చూశాను. మొదటి రోజు నుంచీ ఆ మాటే కదా. ఎవరైనా అలాగే అనుకుంటారు. ఇది ఆమె తప్పూ కాదు, నా తప్పూ కాదు. మాట తప్పు.

గేటు ముందు ధర్నా లేదట. యాదలక్ష్మే వద్దందట. ఈయన చాలా రోజులకి నవ్వారు. రాత్రి కడుపునిండా తిన్నాను.

అక్టోబర్ 1, శనివారం

మాట తప్పు.

అక్టోబర్ 4, మంగళవారం

సద్దుల బతుకమ్మ. అండాలమ్మ పిలిచింది, వెళ్ళకపోతే బాగుండదు. కర్మన్‌ఘాట్ గుడి దగ్గర సందులో ఆడవాళ్ళంతా బతుకమ్మల చుట్టూ తిరుగుతున్నారు. అండాలమ్మ కుర్చీలో కూర్చుని చప్పట్లు కొడుతోంది. ఆ సందులో పాట ఎత్తేది ఎప్పుడూ ఆమేనట. కూర్చుని ఎత్తితే ఊపు రావట్లేదని మధ్యలో ఆపేసింది.

ఆట అయ్యాక సద్దులు పంచారు. ఒక ముసలామె అండాలమ్మ చేతిలో సత్తుపిండి పెడుతోంది. ఇంకా పెట్టబోతుంటే అండాలమ్మ చెయ్యి అడ్డం పెట్టి, నా వైపు ఒకసారి చూసి, "చాలు" అంది. చిన్నపిల్ల ఎక్కాలు అప్పజెప్పినట్టు, నాలిక పళ్ళకి ఆనించి, "చాలు, చాలవ్వా" అంది.

యాదలక్ష్మి చేతిలో పళ్ళెం కింద పెట్టేసింది.

"సాలు అనవే అమ్మా. గది నీ మాట. ఎందుకు మార్సినవ్?"

"ఏమో బిడ్డా. నా నోటితోనే గదా గింత జరిగింది. సక్కగ పలకడం నేర్సుకుంటె మంచిది గద."

నేను సత్తుపిండి చేతిలో పట్టుకుని లేచి వచ్చేశాను. ఇంటికి వచ్చేదాకా గుప్పిట్లోనే ఉంది, చెమటకి తడిసిపోయింది.

అక్టోబర్ 5, బుధవారం

రాసేస్తాను. ఈ పుస్తకంలో అయినా రాయకపోతే ఇక నేను మనిషినే కాదు.

ఆ రోజు పొద్దున పనిలోకి దిగుతూ అండాలమ్మ నవ్వుతూ అడిగింది. "మేడం, తెలంగాణ ఒస్తే మీరు మీ దిక్కు పోతరా? పోతే గీ జాగ నాకిచ్చి పోండ్రి, నేను కూరగాయలు వెట్టుకుంట." నవ్వులాటకే అంది. నవ్వులాటకని నాకు అప్పుడే తెలుసు. కానీ ముందు రోజు అన్నయ్య, ఆ రాత్రి ఈయన, పొద్దున్నే ఈమె. నేను నవ్వలేదు. బండి పట్టుకున్నాను. లోపల కుతకుతలాడిపోతున్నాను.

సగం సాలు అయ్యాక ఆమె గోనె తాడు చూసింది. వంగింది. చెయ్యి పైకెత్తి నా మొహంలోకి చూస్తూ అంది. "సాలు మేడం, సాలు. ఇడువుండ్రి."

నాకు అర్థమైంది. దున్నే సాలు కాదు, ఆపమని. చెయ్యెత్తి ఆపమంటే అర్థం కాకపోవడానికి నేనేం చంటిదాన్నా? నా జాగాలో నన్ను చాలనడానికి నువ్వెవరు అనుకున్నాను. లీవర్ ఇంకా గట్టిగా నొక్కాను. ఒక్క అడుగు. ఆమె కాలు తీసేస్తుందిలే అనుకున్నాను. ఒక్క అడుగే కదా అనుకున్నాను.

కేబుల్ బాగుంది, బెల్టు బాగుంది, స్ప్రింగు బాగుంది, మాట కూడా బాగుంది. పెట్రోలు చూడకుండా ఇంజనంతా విప్పినదాన్ని నేనే. సిగ్గు లేకపోతే సరి.

అక్టోబర్ 6, గురువారం. దసరా

సాయంత్రం వెళ్ళాను. అండాలమ్మ ఒక్కతే ఉంది. నన్ను చూడగానే ముఖం విప్పారింది, జమ్మి ఆకు తీసి నా చేతిలో పెట్టబోయింది. దసరా కదా, బంగారం అని పెడతారు. నేను చెయ్యి చాపలేదు.

"ముందు నా మాట విను అండాలమ్మా. ఆ రోజు నువ్వు ఆపమన్నావని నాకు తెలుసు. తెలిసే ముందుకి నడిపాను. నీ నోటిది తప్పు కాదు. బండిది తప్పు కాదు. యాదలక్ష్మికి చూపించిన స్ప్రింగు కూడా నేను మార్చి పెట్టిందే."

అండాలమ్మ ఆకుని ఒళ్ళో పెట్టుకుంది. ఏడుస్తుందేమో, తిడుతుందేమో అనుకున్నాను.

"ఎర్కే" అంది.

"తెలుసా?"

"నా కండ్లళ్ళకే జూస్తివి గద మేడం. సాలు దిక్కు జూడలే." మొదటిసారి నన్ను నువ్వు అంది. తనకి కూడా తెలిసినట్టు లేదు.

"మరి నీ తప్పని అందరి ముందూ ఎందుకు చెప్పావు?"

"పోరగాండ్లు మీ ఇంటి మీదికొస్తురు. మా యాదే ముందట ఉంటుండె. పోలీసోళ్ళు దాన్ని గుంజుకపోతురు. గందుకు." కాలు దిండు మీద సర్దుకుంది. "ఇంగ చెప్పంగ చెప్పంగ నాకే నిజమనిపిచ్చింది. నా నోరే మంచిగ లేదేమో అని."

ఆ మాట నన్ను చీల్చేసింది. తల ఎత్తలేకపోయాను.

"ఎందుకు మేడం?" అంది మెల్లిగా. "నేనేం జేసిన?"

జాగా మాట చెప్పాను. ఆమె నమ్మలేనట్టు చూసింది. "గా మాటకా? నవ్వులకంటిని గద."

కాలి కట్టు వైపు చూసుకుంది. నా వైపు చూడలేదు. అలాగే అంది, "యాదికి మీరే చెప్పుండ్రి. నేను జెప్ప. ఆదివారం తోలిస్త. సగం దున్నిన సాలు గట్లనే ఇడవద్దు, అరిష్టం. గదొకటి పూర్తి జెయ్యుండ్రి."

జమ్మి ఆకు నా చేతిలో పెట్టలేదు. తలుపు పక్కన గూట్లో పెట్టింది.

అక్టోబర్ 9, ఆదివారం

యాదలక్ష్మికి చెప్పాను. గేటు దగ్గరే, నిలబడే, ఏమీ దాచకుండా. ఈయన వరండాలోంచి "కుసుమా, ఊరుకో" అంటూనే ఉన్నారు. ఆ పిల్ల నేరుగా బండి దగ్గరికి నడిచింది. ఆమె చూస్తుండగానే తుప్పు స్ప్రింగు తీసేసి నాన్నది తగిలించాను. కొక్కెం రెండుసార్లు జారింది.

"లీవర్ ఇడిస్తె ఆగుతదా ఇప్పుడు?"

"ఆగుతుంది."

"బండి నేను పట్టుకుంట. మీరు ముందట నడువుండ్రి, మా అమ్మ నడిచినట్లు."

ఈయన మెట్లు దిగి వచ్చారు. వద్దని చెయ్యి ఊపాను. అండాలమ్మ ఆ రోజు ఉత్త కాళ్ళతో ఉంది. నేనూ చెప్పులు విడిచాను. ఆ పిల్ల నా పాదాలు చూసింది.

తాడు నేనే లాగి ఇచ్చాను. ఇంజను అందుకుంది. సగంలో ఆగిన సాలు దగ్గర ముందుకు వెళ్ళి నిలబడ్డాను. మట్టి ఇంకా అలాగే ఉంది. ఆ గోనె తాడు ముక్క కూడా సగం లోపల, సగం బయట. వెనక బ్లేడ్లు మట్టిని కొరుకుతూ వస్తున్న చప్పుడు. ఆ పిల్ల ఎప్పుడూ బండి తోలలేదు, కానీ తిన్నగా వస్తోంది. ఎంత దగ్గరికి వచ్చిందో తిరిగి చూడాలనిపించింది. చూడలేదు. అండాలమ్మకి ఆ రోజు నా మీద అనుమానం లేదు. నాకు ఇవాళ ఆ పిల్ల మీద ఉంది. అదే నా శిక్ష అనుకున్నాను.

వంగి తాడు పట్టుకుని లాగాను. రాలేదు. మట్టి పెళ్ళలు నా మడమలకి తగిలాయి. గట్టిగా అరవాలని ఉంది, వచ్చింది మాత్రం గొణుగుడే.

"సాలు" అన్నాను.

టక్కుమంది. బ్లేడ్లు ఆగిపోయాయి. వెనక్కి తిరిగి చూస్తే నాకూ వాటికీ మధ్య జానెడు దూరం. యాదలక్ష్మి రెండు చేతులూ లీవర్ మీదనుంచి పూర్తిగా తీసేసి గాల్లో పట్టుకుని ఉంది. ముఖమంతా కన్నీళ్ళు, కోపం.

"ఇనవడ్డది మేడం" అంది.